రెంటికి చెడ్డ రేవడి ఎవరు?

రాయచూరు జిల్లాలోని మన పిల్లలనుగూర్చి తరచుగ వినవచ్చు మాట యొకటి గలదు. ఇంట తెలుగు, బడిలో కన్నడము. కావున వీరు రెంటికి చెడ్డ రేవళ్లట! పరులు ఈ మాట యనినచో మేము లెక్కసేయము. కాని మనవారే, అందునను చదువుకొన్న పెద్దలే, తమ బిడ్డలకు తెలుగు అక్షరములు నేర్పకుండుటకు దీనిని సాకుగ జూపుచున్నారు. ఈ సాకును మేము అంగీకరింపజాలము.

అట్టివారికి పుట్టపర్తి నారాయణాచార్యులవారి జీవితమును చూపుచున్నాము. 1914లో అనంతపురము జిల్లా చియ్యేడులో జన్మించి, రాయల యేలుబడిలోని పెనుకొండలో పెరిగిన యీ కవి పెక్కు భాషలు నేర్చెను. బాల్యముననే 'పెనుగొండ లక్ష్మి' రచించెను. పిదప విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు ఆ కావ్యమే పాఠ్యగ్రంథమై తన యెదుట నిలిచినది. (పరీక్షాధికారులకు సయితము ఇట్టి చిక్కు అరుదు గదా!) విశ్వనాథవారి 'ఏకవీర'ను మలయాళములోనికి, ధర్మానంద కోశాంబిగారి బుద్ధచరిత్రమును మరాఠీనుండి తెలుగులోనికి తెచ్చినవాడును ఆయనయే. ఇన్ని భాషలు ఆయన తెలుగును పలుచన చేసినవా? 'శివతాండవము' ఒకమారు బిగ్గరగ చదివి పిమ్మట చెప్పుడు. 1972లో పద్మశ్రీ పొంది, 1990లో ఆయన కీర్తిశేషులైరి.

అయినను మన గోష్ఠులలో అనువాదకునికి వెనుక పంక్తియే దక్కుచున్నది. అనువాదము రెండవ తరగతి పనియైనచో నన్నయభట్టారకుని ఎక్కడ కూర్చుండబెట్టుదురు? నాలుగు లక్షల జనమైనను లేని ఐస్లాండు ద్వీపమున మత్తియాస్ యోకుమ్సన్ (1835–1920) అను కవి తన దేశపు జాతీయగీతమును రచించెను. షేక్స్పియరు నాటకములను తన భాషలోనికి తెచ్చినదియు అతడే. అల్పసంఖ్యాకులమని కుమిలిపోవు మనవారు ఈ విషయమును గమనింపవలెను.

1956 నవంబరు 1వ తేదీన గద్వాల, ఆలంపురము తాలూకాలు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. రాయచూరు మైసూరు రాష్ట్రమున చేరినది. నాటినుండి మనము అల్పసంఖ్యాకులము. ఆ సంవత్సరమే రాజ్యాంగమున 350-ఏ అధికరణము చేరి, ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యములు కల్పింప యత్నించుట రాష్ట్రముల విధి యని చెప్పినది. ఆ హక్కును అడుగవలసినదే, గట్టిగనే అడుగవలెను. కాని బిడ్డను తెలుగు పాఠమునకు పంపని తండ్రి ఏ ముఖముతో అడుగును? కన్నడ లిపి వచ్చిన పిల్లవానికి తెలుగు లిపి క్రొత్త విద్య కాదు. తలకట్టులోని భేదమే కంటికి మొదట తగులును. తీరికవేళ కొలది వారముల పని. దీనికి ప్రభుత్వపుటుత్తరువు అక్కరలేదు.

కన్నడమును ద్వేషింపుమని మేము చెప్పుట లేదు. అట్లు చెప్పువారు మన సంఘమునకు శత్రువులు. చీకలపర్వి విజయదాసుల కీర్తనలు, మాన్వి జగన్నాథదాసుల 'హరికథామృతసారము' ఈ నేలపై పుట్టిన సంపద. వానిని తెలుగున పాడుకొను రూపమున నిలుపుటకు, మన పద్యములను కన్నడిగుల చెవిని వేయుటకు, రెండు భాషల నడుమ పెరిగిన మన బిడ్డకన్న తగినవా డెవడు? అయితే వానికి ముందు తెలుగు చదువను వ్రాయను రావలెను. నేడు మన యిండ్లలో తాతగారి భాగవతమును తెరచి ఒక పద్యము తప్పులేక చదువగల పిల్లలెందరు?