దోమ మందుకీ నాజిలే ప్రాణం

పత్తికో మిరపకో మందు కొట్టే రైతుకి ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. మందు ఎంత ఖరీదైనదైనా నాజిల్ అరిగిపోతే పురుగు చావదు, డబ్బు మాత్రం పోతుంది. అందుకే స్ప్రేయర్ భుజానికి ఎత్తుకునే ముందు ఒకసారి నీళ్లతో కొట్టి చూసుకుంటాడు. అదే రైతు ఇంటికి మలేరియా మందు కొట్టేవాళ్లు వస్తే మాత్రం, తొందరగా కానివ్వండి అని పక్కకు తప్పుకుంటాడు. ఆ పంపు ఎలా ఉంది, నాజిల్ ఎన్నాళ్లది అని అడిగే నాథుడు ఉండడు. ఈ తీరు మారాలి.

మలేరియా దోమ రక్తం తాగాక ఒళ్లు బరువెక్కి గోడ మీదో, కప్పు లోపలో, పశువుల పాకలోనో వాలుతుంది. మైదానాల్లో క్యులిసిఫేసిస్ అనే అనాఫిలిస్ దోమ, విశాఖ మన్యం వంటి కొండ ప్రాంతాల్లో సెలయేళ్ల నీటిలో పెరిగే ఫ్లువియాటిలిస్ దోమ ఈ జబ్బును మోస్తాయి. గోడ మీద ఆరిన మందు వాలిన దోమ కాళ్లకు అంటి దాన్ని చంపుతుంది. వీధిలో తిరిగే పొగబండి ఆ కాసేపు ఎగిరే దోమలకే పనికొస్తుంది. గోడకు కొట్టిన మందు వారాల తరబడి కాపలా కాస్తుంది. అయితే పూత గోడంతా ఒకేలా పడాలి.

లెక్క చూడండి. డెల్టామెత్రిన్ 2.5 శాతం పొడి అయితే 400 గ్రాములు తీసుకుని 10 లీటర్ల ద్రావణం తయారు చేస్తారు. చదరపు మీటరు గోడకు పడాల్సిన అసలు మందు 20 మిల్లీగ్రాములు. అంటే గ్రాములో యాభయ్యో వంతు! ఆ కాస్త సరిగ్గా పడాలంటే స్టిరప్ పంపు నాజిల్ నుంచి నిమిషానికి 740 నుంచి 850 మిల్లీలీటర్లు రావాలి. నాజిల్ గోడకు 45 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. దగ్గరగా పెడితే మందు కారిపోతుంది, దూరం జరిగితే తుంపర గాలికి పోతుంది. పొడి మందు ఇసుకలా రాచి నాజిల్ రంధ్రాన్ని పెద్దది చేస్తుంది. నిమిషానికి 850 దాటిస్తే ఆ నాజిల్ పక్కన పడేయాల్సిందే.

స్టిరప్ పంపుతో ఇంకో చిక్కుంది. ఒకరు బకెట్‌లో పంపు కొడుతుంటే ఇంకొకరు గోడకు పిచికారీ చేస్తారు. కొట్టేవాడి చెయ్యి అలిసిపోతే ఒత్తిడి పడిపోతుంది. పొద్దున కొట్టిన ఇంటికి, మధ్యాహ్నం కొట్టిన ఇంటికి మోతాదు ఒకటి కాదు. ముందే గాలి నింపుకుని పనిచేసే కంప్రెషన్ స్ప్రేయర్‌కు ఒత్తిడి నిలకడగా ఉంచే వాల్వ్ బిగిస్తే ఈ తేడా బాగా తగ్గుతుంది.

బీహార్ అనుభవం మనకు పాఠం. అక్కడ కాలా ఆజార్ తెచ్చే ఇసుక ఈగ కోసం ఏళ్ల తరబడి డీడీటీ కొట్టారు. 2015లో అచ్చయిన పరిశీలనలో ఎక్కువ గోడల మీద మందు మోతాదుకు తక్కువే ఉందని తేలింది. ఈగలు డీడీటీకి తట్టుకుంటున్నాయనీ బయటపడింది. ఆ తర్వాత అక్కడ మందుతో పాటు పంపులూ మార్చారు. మనం మాత్రం దోమ చావలేదంటే ముందు మందునే తిడతాం.

కేసులు తగ్గాయి కదా, ఇప్పుడీ గొడవెందుకని కొందరంటారు. 1960లలో దేశంలో మలేరియా ఏడాదికి లక్ష కేసుల దాకా దిగింది. ఆ తర్వాత పట్టు సడలింది. 1976 నాటికి కేసులు 64 లక్షలు దాటాయి. 2030కి మలేరియా లేకుండా చేస్తామంటున్న ఈ రోజుల్లో ఆ మాట మరవకూడదు. నాట్ల రోజుల్లో ఇంటి పెద్ద జ్వరంతో మంచమెక్కితే ఆ నష్టం ఏ లెక్కల్లోకీ రాదు.

ఖర్చు పెద్దదేం కాదు. మందుకు పోసే డబ్బుతో పోలిస్తే కొత్త నాజిళ్ల ఖర్చు ఎంత? విడత మొదలయ్యే ముందు ప్రతి బృందానికీ కొత్త నాజిళ్లు, కొలత పాత్ర ఇవ్వాలి. సీజన్ కూలీలకు గోడ ముందు నిలబెట్టి పని నేర్పాలి, కూలి సకాలంలో చెల్లించాలి. రైతులు పొలాల్లో ఉండే వేళ వచ్చి తాళం చూసి వెళ్లిపోకుండా ముందురోజే ఊళ్లో దండోరా వేయించాలి.

మన వంతూ ఉంది. పడకగది వద్దు, వసారాకు చాలు అని వాళ్లను వెనక్కి పంపితే దోమకు చోటిచ్చినట్టే. మందు కొట్టేముందు తిండి, తాగునీళ్లు, గిన్నెలు బయట పెట్టుకోవాలి. కొట్టాక రెండు మూడు నెలలు గోడలు అలకకుండా, సున్నం వేయకుండా ఆగాలి. పంపులు చెరువులో కడగనివ్వొద్దు, ఈ మందుకు చేపలు చస్తాయి. చేలోకి తెచ్చిన పురుగుమందు ఇంట్లో సొంతంగా కొట్టడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

ఈసారి మందు బృందం ఊళ్లోకి వచ్చినప్పుడు పంచాయతీ వాళ్లు ఒక్క పని చేయించాలి. ఉత్త నీళ్లతో పంపు కొట్టించి, గడియారం చూస్తూ ఒక్క నిమిషం బకెట్‌లో పట్టి కొలవాలి. లెక్క తప్పితే నాజిల్ మార్చాకే గోడకు మందు కొట్టనివ్వాలి. చేలో చేసే పనే ఇది, ఇంటి దగ్గర చేయడానికి మొహమాటం దేనికి?