షజరాలో చోటులేని తాత

మా ఇళ్లలో సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్లు ముందు అడిగేది చదువు గురించి కాదు. ‘ఖాందాన్ ఏది?’ అని అడుగుతారు. సయ్యదులా, షేకులా, మొగలులా, పఠాన్లా? అప్పుడు ట్రంకుపెట్టె అడుగు నుంచి షజరా బయటికొస్తుంది. ఆ వంశవృక్షంలో తాతలందరూ అరబ్బు నుంచో ఇరాన్ నుంచో గుర్రమెక్కి వచ్చినవాళ్లే. దూదేకిన తాత ఉండడు. బానిసగా ఓడ దిగిన హబ్షీ తాత ఉండడు. ఇక్కడి మట్టిలో నాట్లేసిన నానమ్మ అసలే ఉండదు. చాలాకాలం మేము ఆ కాగితాన్నే వారసత్వం అనుకున్నాం. అది దాచిపెట్టినదెంతో మాకు అర్థమైంది, అమెరికా కొండల్లోని మెలంజన్ల చరిత్ర చదివాక.

టెన్నెసీ, వర్జీనియా రాష్ట్రాలు కలిసేచోట, అప్పలేషియన్ కొండల్లో, న్యూమన్స్ రిడ్జ్ చుట్టుపక్కల స్థిరపడిన మిశ్రమ సంతతి జనం మెలంజన్లు. కాలిన్స్, గిబ్సన్, గోయిన్స్, మల్లిన్స్, బంచ్ వాళ్ల ఇంటిపేర్లు. ఆ మాట 1813లో ఒక బాప్టిస్టు చర్చి మినిట్స్‌లో కనిపిస్తుంది. మెలంజన్లకు ఇంట్లో చోటిచ్చానని నామీద నింద వేశారంటూ ఒకామె చేసిన ఫిర్యాదు అది. అంటే కాగితం మీదికి ఎక్కినప్పుడే అది తిట్టు. ‘తురకోళ్లు’ అన్న మాట విని పెరిగిన మాకు ఆ ఫిర్యాదును వేరే విడమరిచి చెప్పనక్కర్లేదు.

వీళ్ల వేళ్లు 17వ శతాబ్దపు వర్జీనియాలో ఉన్నాయి. ఆఫ్రికా మగవాళ్లు, ఒప్పందపు వెట్టికి వచ్చిన తెల్ల ఆడవాళ్లు ఒకే పొలాల్లో చాకిరీ చేశారు, కాపురాలు పెట్టారు. బిడ్డకు తల్లి స్థితే వస్తుందని 1662లో చట్టం చేశారు. యజమానికి పుట్టిన నల్ల తల్లి బిడ్డ బానిసగానే ఉండిపోయేందుకు పనికొచ్చిన చట్టమది. అదే చట్టం కింద తెల్ల తల్లి బిడ్డకు స్వేచ్ఛ దక్కింది. 1691లో అసలు అట్లాంటి పెళ్లిళ్లనే నిషేధించారు. స్వేచ్ఛ ఉండీ మర్యాద లేని ఆ కుటుంబాలు తరతరానికీ పడమటికి జరిగి కొండలెక్కాయి.

కొండల్లోనైనా వదిలారా? టెన్నెసీ 1834 రాజ్యాంగం ఓటును తెల్ల మగవాళ్లకే ఇచ్చింది. 1840లలో హాకిన్స్ కౌంటీలో వార్డీ కాలిన్స్ లాంటివాళ్ల మీద అక్రమంగా ఓటేశారని కేసులు పెట్టారు. 1924లో వర్జీనియా జాతి శుద్ధతా చట్టం తెచ్చింది. ఒక్క చుక్క పరాయి రక్తం ఉన్నా తెల్లవాళ్లు కారట. కానీ పదహారో వంతుకు మించకుండా ఆదివాసీ రక్తం ఉంటే ఫరవాలేదట! ఎందుకు? పోకహోంటాస్ సంతతి అని గొప్పగా చెప్పుకునే పెద్దింటివాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు మరి. శుద్ధత రాసుకునేవాడికి దొడ్డిదారి ఎప్పుడూ ఉంటుంది. జనన మరణాల రిజిస్ట్రారు వాల్టర్ ప్లెకర్ 1943లో కౌంటీలవారీగా ఇంటిపేర్ల జాబితా తయారుచేసి అధికారులకు పంపాడు. ఈ పేర్లవాళ్లు తెల్లవాళ్లమని రాయించుకోబోతే ఆపమన్నాడు. పేరు చూసి మనిషిని తేల్చడం ఎట్లా ఉంటుందో మాకు ఒకరు చెప్పాలా? పేరు చెప్పగానే ‘గది నిన్ననే ఇచ్చేశాం’ అనే వీధుల్లోనే మేము అద్దె ఇళ్లు వెతుక్కున్నాం.

ఈ ఒత్తిడిలో వాళ్లు ఒక జవాబు నేర్చుకున్నారు: ‘మేం పోర్చుగీసువాళ్లం.’ 1870లలో చట్టనూగాలో ఒక అమ్మాయికి తండ్రి ఆస్తి దక్కకుండా చేయాలని చూశారు. తల్లిది నల్ల రక్తం, కాబట్టి ఆ పెళ్లే చెల్లదన్నారు. ఆ తల్లి మూలాలు ప్రాచీన కార్తేజ్‌లో ఉన్నాయని ఆమె లాయరు లూయిస్ షెపర్డ్ వాదించి కేసు గెలిచాడు. ఆ అబద్ధాన్ని మేము తప్పుపట్టం. పీక మీద కత్తి పెట్టి జాతి అడిగినప్పుడు బతకడానికి చెప్పిన మాట అది. సిగ్గుపడాల్సింది కత్తి పట్టుకున్నవాడు.

కానీ కత్తి తీసేశాక? 1967లో లవింగ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆ పెళ్లిళ్ల నిషేధాన్ని కొట్టేసింది. 1969లో స్నీడ్‌విల్‌లో మెలంజన్ల మీద నాటకం ఆడారు. తిట్టు మెల్లగా గర్వంగా మారింది. 1994లో బ్రెంట్ కెన్నెడీ పుస్తకం వచ్చింది. మెలంజన్లలో తుర్కుల, మూరుల రక్తం ఉందన్నాడాయన. ఆయన వాళ్లను మిశ్రమ జనమనే అన్నాడు. కానీ వినేవాళ్లు పట్టుకున్నది తుర్కులనే. దాచడమెందుకు, ఆ కథ విన్నప్పుడు మా ఛాతీ కూడా పొంగింది. అమెరికా కొండల్లో మనవాళ్లు!

2012లో జన్యు అధ్యయనం వెలువడింది. చేసిన నలుగురిలో జాక్ గోయిన్స్ ఆ కుటుంబాల బిడ్డే. మూల కుటుంబాల తండ్రివైపు రేఖల్లో ఎక్కువగా సహారా దిగువ ఆఫ్రికా, ఐరోపా కనబడ్డాయి. తల్లివైపు ఐరోపా. తుర్కు పూర్వీకుడి కథకు ఆధారం దొరకలేదు. మూడొందల ఏళ్లుగా అందరూ దాచిన ఆఫ్రికా తాత అట్లా బయటికొచ్చాడు. కొందరు ఆ ఫలితాన్ని ఒప్పుకోలేకపోయారు. పోర్చుగీసు తాత ఫరవాలేదు, తుర్కు సుల్తాను నావికుడు ఇంకా మేలు. నల్ల తాత మాత్రం వద్దు. ప్లెకర్ చేసిన పనికీ దీనికీ తేడా ఎంత?

అందుకే వారసత్వాన్ని కాపాడటం అంటే ఏమిటో తేల్చుకోవాలి. వార్డీ లోయలో వాళ్ల పాత చర్చి ఇప్పుడు మ్యూజియం. మహాలా మల్లిన్స్ కలప ఇంటిని కొండ మీది నుంచి దించి అక్కడే నిలబెట్టారు. 1997 నుంచి ఆ సంతతి జనం సభలు పెట్టుకుని కలుసుకుంటున్నారు. ఇవన్నీ కావాల్సిన పనులే. అయితే ఇల్లు కాపాడి ఆ ఇంటి మనిషిని మార్చేస్తే మిగిలేది కలప మాత్రమే.

ఇక మా ఇంటికొద్దాం. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ ఉంది. నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చిన పేరది. సంస్థానం పోయింది, పటాలం పోయింది, మనుషులు మిగిలారు. మా బరాత్‌లకు వాళ్ల మర్ఫా కావాలి. ఆ దరువు లేకపోతే పెళ్లికి కళ రాదంటాం. వాళ్ల ఇంటికి పిల్లనిస్తామా అంటే గొంతులో వెలక్కాయ పడుతుంది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన రిజర్వేషన్ చట్టం జాబితాలో సిద్దీ, హబ్షీ పేర్లున్నాయి. సయ్యద్, మొగల్, పఠాన్, అరబ్ పేర్లను మినహాయించారు. మాలో ఎవరు మెట్టు పైన, ఎవరు కింద అన్నది సర్కారు కాగితానికి తెలిసింది. ‘ఇస్లాంలో అందరూ సమానమే’ అని మేము మాత్రం ఆ ముచ్చటను దాటేస్తాం. అజాన్ పిలిచిన మొదటి గొంతు హబ్షీ బిలాల్‌ది అని ప్రతి పిల్లవాడికీ చెప్పే మేమే!

సెక్యులర్ మిత్రులకూ ఒక మాట. గంగా జమునా తెహజీబ్ అని మీరు ముచ్చటపడతారు. నదులు కలిసినంత సులువుగా మనుషులు కలవలేదు. బానిసత్వంలో కలిశారు, వెట్టిలో కలిశారు, ప్రేమలో కూడా కలిశారు. ఏ కలయిక ఎట్లా జరిగిందో అడక్కుండా మిశ్రమ సంస్కృతిని పొగిడితే షజరా రాసిన ముల్లా పనే మీరూ చేసినట్టు. మమ్మల్ని బయటినుంచి వచ్చినవాళ్లు అనేవాళ్లకు కూడా నకిలీ షజరాయే సాక్ష్యం. అరబ్బు నుంచి దిగామని మేమే రాసుకుంటే, పొమ్మనేవాడి పని సులువవదా?

ఆ కాగితాన్ని మేము చించం. దాని అంచుల్లో ఖాళీ ఉంది. దూదేకుల తాతను, హబ్షీ తాతను, నాట్లేసిన నానమ్మను అక్కడ రాస్తాం. చోటు చాలకపోతే ఇంకో కాగితం అతికిస్తాం.