తేనెటీగ నోరు నొక్కిందెవరు?

పూత మీద మందు కొట్టి తేనెటీగల్ని చంపుతున్నది రైతులేనని సదస్సుల్లో తరచూ వింటున్నాం. ఆ మందు తయారుచేసిందెవరు, అనుమతిచ్చిందెవరు అని మాత్రం అక్కడ ఎవరూ అడగరు. మనం అడగాలి. ముందు తేనెపట్టులో ఏం జరుగుతుందో చూద్దాం, మన నష్టం మొదలయ్యేది అక్కడే.

చెట్టు తొర్రలోనో పెట్టెలోనో ఉండే పట్టు లోపల కటిక చీకటి. పూలు చూసొచ్చిన ఈగ నిలువు పెర మీద ఎనిమిది అంకెలా తిరుగుతూ, మధ్యలో ఒళ్లు ఊపుకుంటూ నేరుగా నడుస్తుంది. పైకి నడిస్తే తోట సూర్యుడున్న దిక్కున ఉందని అర్థం. నిలువుకు ఎంత కుడిగా వాలితే సూర్యుడికి అంత కుడిగా వెళ్లాలి. ఊపు ఎంత ఎక్కువసేపు సాగితే తోట అంత దూరం. కళ్లతో చూడలేవు కనుక తోటి ఈగలు మీసాలు ఆనించి, రెక్కల అదురును, గాలి కదలికను పసిగడతాయి. ఆ తోటలో ప్రమాదం ఎదురైన ఈగ వచ్చి, ఆడుతున్నదాన్ని తలతో గుద్ది ఆపుతుంది కూడా. మన గ్రామసభల్లో ఆపాటి అడ్డు చెప్పే వీలుంటే ఎంత బాగుండు! ఈ భాషను విప్పిచెప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు ఆ భాష మీదే దెబ్బ పడుతోంది. ఇమిడాక్లోప్రిడ్, థయోమిథాక్సామ్ వంటి మందులు పురుగు నరాల మీద పనిచేస్తాయి. విత్తనశుద్ధికి వాడినా మొక్కంతా పాకి పుప్పొడిలోకి, మకరందంలోకి చేరతాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2012లో ప్రచురించిన ప్రయోగంలో, ప్రాణం తీయనంత కొద్దిపాటి ఇమిడాక్లోప్రిడ్ తాగిన ఈగలు బతికే ఉన్నాయి. పట్టులో ఆడే ఆట మాత్రం చాలా రెట్లు తగ్గిపోయింది. చచ్చిన ఈగ గట్టు మీద కనబడుతుంది. మూగబోయిన పట్టు ఎవరికీ కనబడదు. ఈగలు రాని చేలో మిగిలేది పొద్దుతిరుగుడు పువ్వులో తాలు, పుచ్చ పాదుకు వంకర కాయ.

పూత దశలో పొద్దున్నే పొద్దుతిరుగుడు పువ్వులను గుడ్డతో రుద్దమని మనకు సలహా ఇస్తారు. ఈగ ఊరకే చేసిపెట్టే పనికి కూలి పెట్టేది మనం. ఆ కూలిని ఏ మద్దతు ధరలో కలిపారు?

ఐరోపా సమాఖ్య 2018లో ఇమిడాక్లోప్రిడ్, క్లోథియానిడిన్, థయోమిథాక్సామ్‌లను ఆరుబయట పంటలకు నిషేధించింది. మన కేంద్రం 2020లో 27 మందుల నిషేధానికి ముసాయిదా తెచ్చింది. అందులో ఇమిడాక్లోప్రిడ్ పేరే లేదు. ఉన్న 27లో కూడా 2023 ఉత్తర్వు పూర్తిగా నిషేధించినవి మూడే. ఇదే ప్రభుత్వం తేనెటీగల పెంపకం మిషన్‌కు 500 కోట్లు ప్రకటించింది. పెట్టెలకు డబ్బుంది, పెట్టెలోని ఈగకు రక్షణ లేదు.

అప్పిచ్చిన దుకాణం ఏ డబ్బా చేతిలో పెడితే కౌలురైతు అదే కొడతాడు. తేనెటీగలకు హాని అన్న హెచ్చరిక ఉన్నా, అది మడతల కాగితంలో చీమతల అంత అక్షరాల్లో ఉంటుంది. అతన్ని దోషిగా నిలబెట్టడం అన్యాయం.

ఈ మూడు మందుల మీద, విత్తనశుద్ధితో సహా, బహిరంగ సమీక్ష జరగాలి. డబ్బా మీద తెలుగులో పెద్ద అక్షరాలతో హెచ్చరిక ఉండాలి. ప్రత్యామ్నాయం చూపకుండా నిషేధం తెచ్చి పురుగు నష్టం రైతు నెత్తిన వేస్తే దాన్నీ ఎదిరిస్తాం. మండల కమిటీలు ఈ నెల వినతిపత్రాల్లో వీటిని చేర్చాలి. పూత మీద పిచికారి తప్పనిసరైతే, ఈగలు పట్టుకు చేరిన తర్వాత సాయంత్రమే చేయాలని గ్రామ శాఖలు ఇంటింటికీ చెప్పాలి.