ఎప్పుడు ఆగాలో తెలిసిందే మంచి ఛార్జర్!

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒకరు, విజయవాడలో మరొకరు ఇంట్లో ఛార్జింగ్‌కు పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి ప్రాణాలు కోల్పోయారు. అదే ఏడాది సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఈ-స్కూటర్ల షోరూంలో రేగిన మంటల పొగ పైనున్న లాడ్జిని కమ్మేసింది. ఎనిమిది మంది చనిపోయారు. ఆ వార్తలు మీరూ చదివే ఉంటారు. కొలువు వేటలో ఉన్నవారు ఆ తర్వాత ఏం మారిందన్నదీ చదవాలి.

నిబంధనల్లో ఏముంది?

వరుస ప్రమాదాల తర్వాత కేంద్రం నిపుణుల కమిటీ వేసింది. విద్యుత్ ద్విచక్ర వాహనాల బ్యాటరీ భద్రతా ప్రమాణం ఏఐఎస్-156ను కఠినం చేసింది. కొత్త షరతులు 2022 డిసెంబరు 1 నుంచి కొన్ని, 2023 మార్చి 31 నుంచి మిగతావి అమల్లోకి వచ్చాయి. సెల్, ప్యాక్, బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ (బీఎంఎస్)లతో పాటు ఛార్జర్‌కూ వీటిలో చోటు దక్కింది. వోల్టేజీ పరిమితి దాటకుండా కటాఫ్, సాఫ్ట్ స్టార్ట్, బాగా ఖాళీ అయిన బ్యాటరీని గుర్తించే ప్రీ-ఛార్జ్ ఉండాలని చెప్పింది. అంటే పాఠ్యపుస్తకంలో ఓ పేజీలో ముగిసిపోయే ఛార్జింగ్ సర్క్యూట్ ఇప్పుడు పరీక్షలో నెగ్గితేనే వాహనం మార్కెట్లోకి వస్తుంది. అలా నెగ్గేలా డిజైన్ చేసేవాళ్లు, పరీక్షించేవాళ్లు కంపెనీలకు కావాలి.

మూడు దశలు.. ఒక కాపలా

ఇంట్లో ఇన్వర్టర్‌కు వాడే లెడ్-యాసిడ్ బ్యాటరీ నిండాక కూడా కొద్దిపాటి కరెంటు తీసుకుంటూ ఏళ్ల తరబడి ఉండగలదు. లిథియం-అయాన్‌కు అది పనికిరాదు. నిండితే ఆపేయాల్సిందే. అందుకే దీని ఛార్జింగ్ ఇలా సాగుతుంది.

ప్రీ-ఛార్జ్: సెల్ వోల్టేజీ సుమారు 3 వోల్టుల కంటే తక్కువుంటే మామూలు కరెంటులో పదో వంతే ఇవ్వాలి. కొంతసేపటికీ వోల్టేజీ పెరగకపోతే సెల్ దెబ్బతిన్నట్టు లెక్క, ఆపేయాలి.

స్థిర కరెంటు: 2,500 మిల్లీ ఆంపియర్-అవర్ సెల్‌కు సగం రేటు అంటే 1.25 ఆంపియర్లు. వోల్టేజీ మెల్లగా పెరుగుతుంది.

స్థిర వోల్టేజీ: 4.2 వోల్టులకు చేరాక అక్కడే పట్టి ఉంచాలి. కరెంటు దానంతటదే తగ్గుతుంది. పదో వంతుకో, ఇరవయ్యో వంతుకో చేరగానే ఛార్జింగ్ ముగించాలి. ఆ 4.2 వోల్టుల్లో తేడా ఒక్క శాతానికి మించకూడదు.

ఇక కాపలా ఉష్ణోగ్రతది. సున్నా డిగ్రీల కంటే తక్కువలో ఛార్జ్ చేస్తే ఆనోడ్‌పై లిథియం లోహంగా పేరుకుపోతుంది. చాలా సెల్స్‌కు 45 డిగ్రీలు దాటినా ఛార్జింగ్ వద్దంటారు. మనకు గడ్డకట్టే చలి బాధ లేదు కానీ, మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఎండన నిలిపిన స్కూటర్ సంగతి ఆలోచించండి. ప్యాక్ చల్లబడేదాకా ఆగమని చెప్పే థర్మిస్టర్ ధర కొద్ది రూపాయలే. అది లేకపోతే ఛార్జర్‌కు ప్యాక్ వేడి సంగతే తెలియదు.

ఒక చిన్న లెక్క

దుకాణంలో రెండు ప్యాకులనూ ‘48 వోల్టులు’ అనే అంటారు. ఎన్‌ఎంసీ రకంలో 13 సెల్స్ వరుసగా ఉంటే పూర్తి ఛార్జ్ 13×4.2 = 54.6 వోల్టులు. ఎల్‌ఎఫ్‌పీ రకంలో 16 సెల్స్ ఉంటే 16×3.65 = 58.4 వోల్టులు. రెండోదాని ఛార్జర్‌ను మొదటిదానికి తగిలిస్తే? ఒక్కో సెల్‌పై దాదాపు 4.49 వోల్టులు! అప్పుడు బీఎంఎస్ అడ్డుపడి తెంచేయాలి. అదీ పాడై ఉంటే ఆపేవాళ్లే లేరు. ప్రతి ప్రమాదానికీ ఛార్జరే కారణమని కాదు, సెల్‌లో లోపమూ ఉండొచ్చు. కానీ ఛార్జర్, బీఎంఎస్ వేర్వేరనీ, ఒకటి తప్పితే మరొకటి కాయాలనీ మీకు స్పష్టంగా తెలిసుండాలి.

కొలువులు ఎక్కడ?

2021లో కేంద్రం 50 గిగావాట్-అవర్ సెల్స్ తయారీ లక్ష్యంగా రూ.18,100 కోట్ల ప్రోత్సాహక పథకం ఆమోదించింది. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా రూ.9,500 కోట్లతో గిగా కర్మాగారం తలపెట్టింది. సెల్స్ కోసం దేశం ఇప్పటికీ ఎక్కువగా దిగుమతులమీదే ఆధారపడుతోంది. అయితే సెల్ ఎక్కడి నుంచి వచ్చినా ప్యాక్ కూర్పు, బీఎంఎస్, ఛార్జర్, పరీక్షల పని చాలావరకు ఇక్కడ జరగగలదు. ఈఈఈ, ఈసీఈ వాళ్లకు పవర్ ఎలక్ట్రానిక్స్, ఫర్మ్‌వేర్. మెకానికల్ వాళ్లకు థర్మల్ డిజైన్. కెమిస్ట్రీ వాళ్లకు సెల్ పరీక్షలు. ‘గిగా ఫ్యాక్టరీ పూర్తయ్యాక చూద్దాం’ అని కూర్చోవద్దు.

ఈ సెమిస్టర్‌లోనే మొదలుపెట్టండి

టీపీ4056 చిప్ ఉన్న చిన్న బోర్డు తక్కువ ధరకే దొరుకుతుంది. 5 వోల్టుల సరఫరాతో 1 ఆంపియర్ వరకు ఇస్తుంది. సెల్ 3.5 వోల్టుల దగ్గరున్నప్పుడు చిప్‌లో వేడిగా పోయేది (5–3.5)×1 = 1.5 వాట్లు. వేలు పెడితే చురుక్కుమంటుంది. అంత వేడి ఎందుకు, స్విచింగ్ ఛార్జర్ అయితే ఎంత తగ్గుతుంది అన్నదే మీ ప్రాజెక్టు అవుతుంది. చౌక బోర్డులు చాలావాటిలో ఉష్ణోగ్రత పిన్‌ను గ్రౌండ్‌కు కలిపేస్తారు, ఆ కాపలా పనిచేయదు. దాన్ని విడదీసి థర్మిస్టర్ పెట్టి చూపించండి. నిమిషానికోసారి వోల్టేజీ, కరెంటు రాసుకుని గ్రాఫ్ గీయండి. పేరున్న తయారీదారు సెల్ వాడండి. ఛార్జ్ అవుతుంటే వదిలేసి వెళ్లొద్దు, పడుకునే గదిలో అసలే వద్దు.

ఇంటర్వ్యూలో మీ ఛార్జర్ గురించి అడిగితే ఎంత వేగంగా నింపుతుందో చెప్పి ఆగిపోకండి. సెల్ మరీ ఖాళీగా ఉంటే, వేడెక్కితే, నిండిపోతే, థర్మిస్టర్ తీగ తెగితే అది ఏం చేస్తుందో వరుసగా చెప్పండి. ఆ నాలుగో ప్రశ్నకు జవాబు లేకపోతే, వెళ్లే ముందే మళ్లీ సర్క్యూట్ ముందు కూర్చోండి.