గుత్తకు ఇచ్చినంత మాత్రాన విషం విరగదు

వ్యాధుల గురించి వ్రాసేటప్పుడు రోగి శరీరం నుండి ప్రారంభించడం మా వైద్యుల అలవాటు. ఈసారి ఒక కాంట్రాక్టు కాగితం నుండి ప్రారంభిస్తున్నాను. కొన్ని రోగాలకు మూలం కోసం సూక్ష్మదర్శినిలో వెదికితే ప్రయోజనం ఉండదు. ఎవరో ఎక్కడో సంతకం చేసిన ఒప్పందంలో, వ్రాయవలసి ఉండీ వ్రాయని ఒక షరతులో అది దొరుకుతుంది.

విదేశాలలోని సైనిక స్థావరాలలో పోగుపడే ప్రమాదకర వ్యర్థాలను తొలగించే పనిని ప్రైవేటు సంస్థలకు గుత్తకు ఇవ్వడం గురించి ఈ వ్యాసం. ఇది మనకెందుకు అని పాఠకులు అడగవచ్చు. గల్ఫ్ ప్రాంతంలోనూ, అఫ్ఘానిస్తాన్‌లోనూ అమెరికా స్థావరాలలో వంట, శుభ్రత, రవాణా పనులు చేసినవారిలో వేలాదిమంది భారతీయులు ఉన్నారు. వారిలో మన తెలుగువారూ ఉన్నారు. అదిగాక, అక్కడ జరిగిన పొరపాటును చిన్న ప్రమాణంలో మన ఊరి ఆసుపత్రి వెనుక గోడ దగ్గర కూడా చూడవచ్చు.

స్థావరం అంటే ఒక పట్టణం

సైనిక స్థావరం అనగానే మనకు తుపాకులూ విమానాలూ స్ఫురిస్తాయి. నిజానికి అది వేలమంది తిని, నిద్రించి, జబ్బుపడి, చికిత్స పొందే పట్టణం. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాలలో ఒక్కొక్క సైనికునికి రోజుకు సుమారు 4 కిలోల చెత్త తయారైందని అమెరికా లెక్కలు చెబుతున్నాయి. అందులో అన్నం మెతుకులూ అట్టపెట్టెలూ మాత్రమే ఉంటే చింత లేదు. వాడిన ఇంజను నూనె, రంగులు, ద్రావకాలు, సీసపు బ్యాటరీలు, పాదరసం ఉన్న ట్యూబులైట్లు, టైర్లు, పురుగుమందుల డబ్బాలు, పాడైన కంప్యూటర్లు, ఆసుపత్రి నుండి వచ్చే సూదులు, రక్తపు గుడ్డలు అన్నీ ఉంటాయి.

శాంతికాలంలో విదేశీ స్థావరాలకు అమెరికా రక్షణశాఖకు వ్రాతపూర్వకమైన పర్యావరణ నియమావళి ఉంది. ప్రమాదకర వ్యర్థాల తొలగింపుకు కాంట్రాక్టులు కుదిర్చే ప్రత్యేక విభాగమూ ఉంది. అయితే ఆ నియమావళిని యుద్ధరంగంలో వెలసే తాత్కాలిక శిబిరాలకు వర్తింపజేయలేదు. ఎక్కడ విషం అధికమో అక్కడే నియమం సడలింది. తాత్కాలికం అనుకొన్న ఆ శిబిరాలు ఏళ్ల తరబడి నిలిచాయి. వాటితోపాటు మంటగుంటలూ నిలిచాయి.

బలాద్ మంటగుంట

మంటగుంట అంటే ఆకాశమే పైకప్పుగా, నేలలో తవ్విన గోతిలో చెత్తను కుప్పపోసి, విమాన ఇంధనం చల్లి తగులబెట్టడం. ఇరాక్‌లోని బలాద్ స్థావరంలో ఇటువంటి గుంట సుమారు 10 ఎకరాల మేర విస్తరించింది. 2007లో అక్కడ రోజుకు 100 నుండి 200 టన్నుల వరకు చెత్త కాల్చారు. పక్కనే వేలమంది నిద్రించే గుడారాలూ, ఒక పెద్ద సైనిక ఆసుపత్రీ ఉండేవి. ఆ గుంట 2009 అక్టోబరులో మూతపడింది. ప్రమాదకర వ్యర్థాలనూ వైద్య వ్యర్థాలనూ బహిరంగ గుంటలలో కాల్చడాన్ని నిషేధిస్తూ అమెరికా కాంగ్రెసు చట్టం చేసినదీ ఆ నెలలోనే. అయితే వేరే మార్గం లేనప్పుడు మినహాయింపు ఇచ్చారు. మరుసటి ఏడాది ఆగస్టు నాటికి అఫ్ఘానిస్తాన్‌లో 251, ఇరాక్‌లో 22 గుంటలు ఇంకా మండుతున్నాయని అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం లెక్క తేల్చింది. మార్గదర్శకాలు మారినా కొన్ని కాంట్రాక్టులు పాత షరతుల మీదే నడుస్తున్నాయని కూడా ఆ నివేదిక ఎత్తిచూపింది.

ఈ చివరి మాటను గమనించండి. చట్టం మారింది, కాంట్రాక్టు మారలేదు. చెత్త కాల్చే కార్మికుని చేతిలో ఉండేది చట్టపుస్తకం కాదు గదా! అతనికి తెలిసినది పై అధికారి చెప్పిన పని. ఆ అధికారికి తెలిసినది కాంట్రాక్టులో వ్రాసిన పని.

పొగలో ఏముంది?

చెత్తను సరిగా కాల్చడం ఒక శాస్త్రం. మన దేశపు 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం ఇన్సినరేటరు మొదటి గదిలో 800 డిగ్రీల సెల్సియస్, రెండవ గదిలో సుమారు 1,050 డిగ్రీల వేడి ఉండాలి. రెండవ గదిలో వాయువు కనీసం 2 సెకన్లపాటు నిలవాలి. బహిరంగపు మంటలో ఆ వేడి ఉండదు, ఆ నిలకడా ఉండదు. పి.వి.సి. వంటి క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ అరకొరగా కాలితే డయాక్సిన్లు పుడతాయి. ఇవి శరీరపు కొవ్వులో చేరి సంవత్సరాల తరబడి వెళ్లవు. బెంజీన్ రక్తపు క్యాన్సరుకు కారణమని రుజువైన రసాయనం. సీసం, కాడ్మియం వంటి లోహాలు బూడిదలో మిగిలి గాలిలో ఎగురుతాయి. 2.5 మైక్రాన్ల కన్నా సన్నని ధూళికణాలు ముక్కు వెంట్రుకలను తప్పించుకొని ఊపిరితిత్తుల చిట్టచివరి తిత్తుల వరకు చేరతాయి.

2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడిన ఒక అధ్యయనం నన్ను ఆలోచింపజేసింది. యుద్ధం నుండి తిరిగి వచ్చాక ఆయాసంతో బాధపడుతున్న 80 మంది సైనికులను పరీక్షించారు. యుద్ధానికి ముందు పరుగుపందెంలో నెగ్గుకొచ్చినవారు ఇప్పుడు రెండు మైళ్లు పరుగెత్తలేకపోతున్నారు. వారిలో 49 మంది ఊపిరితిత్తుల నుండి ముక్క తీసి చూస్తే, 38 మందికి కన్‌స్ట్రిక్టివ్ బ్రాంకియోలైటిస్ ఉన్నట్లు తేలింది. అంటే అతి సన్నని శ్వాసనాళాల గోడలు మచ్చకట్టి ఇరుకైపోవడం. చాలామందికి ఎక్స్‌రేలోనూ, ఊపిరి ఊదే పరీక్షలోనూ లోపం కనబడలేదు. వీరిలో పలువురు 2003లో మోసుల్ వద్ద గంధకపు గని తగలబడినప్పుడు ఆ పొగ పీల్చినవారని కూడా చెప్పడం న్యాయం. కాబట్టి నేరమంతా మంటగుంటలదే అనడానికి వీలులేదు.

అదే సంవత్సరం అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్, మంటగుంటల వలన దీర్ఘకాలిక వ్యాధులు వస్తాయని తేల్చిచెప్పడానికి ఆధారాలు చాలవని ప్రకటించింది. కొందరు దీనిని చూపి, భయమంతా అనవసరమని వాదించారు. వైద్యునిగా నేను అంగీకరించలేను. ఎవరు ఏ గుంటకు ఎంత దూరంలో ఎన్ని నెలలు ఉన్నారు, ఏ రోజు ఏమి కాల్చారు అన్న లెక్కలు సరిగా వ్రాసిపెట్టనప్పుడు ఆధారాలు ఎక్కడినుండి వస్తాయి? జ్వరం కొలవకుండా జ్వరం లేదని చెప్పడం వైద్యం అనిపించుకోదు. ఏమి కాల్చారో రోజూ నమోదు చేయాలన్న షరతు మొదటే కాంట్రాక్టులో ఉండి, దానిని అమలు చేసి ఉంటే, ఆ సందేహంలో సగమైనా నేడు తీరి ఉండేది.

బాధ్యత ఎవరిది?

బాధితులు ఊరుకోలేదు. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ స్థావరాలలో సేవలు నిర్వహించిన కె.బి.ఆర్. సంస్థ మీద సైనికులూ, వారి కుటుంబాలూ అనేక దావాలు వేశారు. గుంటలు వాడాలన్న నిర్ణయం సైన్యానిదే అని సంస్థ వాదించింది. 2017లో ఫెడరల్ న్యాయస్థానం దావాలను కొట్టివేసింది. 2018లో అప్పీలు కోర్టు ఆ తీర్పును సమర్థించింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు విచారణకు నిరాకరించింది. సైనిక నిర్ణయాల మంచిచెడ్డలు తేల్చడం కోర్టుల పని కాదన్నది సారాంశం. తీర్పులోని న్యాయశాస్త్రాన్ని విమర్శించే అర్హత నాకు లేదు. ఫలితం మాత్రం చూడండి. పని చేసినవాడు ఆజ్ఞ చూపించి తప్పుకొన్నాడు. ఆజ్ఞ ఇచ్చినవాడిని కోర్టు ప్రశ్నించలేకపోయింది.

గుంటల బదులు ఇన్సినరేటర్లు కొనలేదా అంటే, కొన్నారు. అఫ్ఘానిస్తాన్ పునర్నిర్మాణ వ్యయాన్ని తనిఖీ చేసే ప్రత్యేక ఇన్‌స్పెక్టర్ జనరల్ 2015లో ఇచ్చిన నివేదిక ప్రకారం 9 స్థావరాలలో 23 ఇన్సినరేటర్లకు దాదాపు 8 కోట్ల 20 లక్షల డాలర్లు ఖర్చయింది. వాటిలో 8 యంత్రాలను ఎన్నడూ వాడనేలేదు. వాటి ఖరీదు 2 కోట్ల డాలర్లకు పైమాటే. కాంట్రాక్టర్లకు సొమ్ము ముట్టింది, గుంటల నుండి పొగ ఆగలేదు. యంత్రం అమర్చితే బిల్లు చెల్లించే కాంట్రాక్టు అది. పొగ ఆగితేనే బిల్లు చెల్లించే కాంట్రాక్టు కాదు. ఇల్లు అలకగానే పండుగ అయిందనుకొన్నారు.

ఓడ ఎక్కించి పంపినా కథ ముగియదు. జపాన్‌లోని అమెరికా స్థావరాల నుండి సేకరించిన పి.సి.బి. అనే విషరసాయనపు వ్యర్థాలను 2000లో ఓడలో కెనడాకు పంపారు. వాంకోవర్ రేవులో దించనివ్వలేదు. అమెరికాలోని సియాటిల్ కూడా ఒప్పుకోలేదు. పసిఫిక్ మహాసముద్రం దాటి వెళ్లిన సరుకు మళ్లీ దాటి యొకొహామాకు తిరిగివచ్చింది. చివరకు వేక్ దీవికి చేర్చారు. చివరి గమ్యం ఖాయం కాకముందే సరుకు బయలుదేరితే జరిగేది ఇదే.

యూనిఫారం లేనివారి సంగతి

2022 ఆగస్టు 10న అమెరికా అధ్యక్షుడు బైడెన్ పాక్ట్ చట్టం మీద సంతకం చేశారు. మంటగుంటల పొగకు గురైన మాజీ సైనికులకు 20కి పైగా వ్యాధుల విషయంలో, ఆ వ్యాధి సైనిక సేవ వలననే వచ్చిందని వారు విడిగా నిరూపించుకోనవసరం లేదు. ఊపిరితిత్తుల క్యాన్సరుతో 2020లో మరణించిన హీత్ రాబిన్సన్ అనే సైనికుని పేరు ఆ చట్టానికి పెట్టారు. మంచి చట్టమే. పదేళ్లు ముందు రావలసింది.

అయితే అది మాజీ సైనికుల చట్టం. అదే గుంటలోకి చెత్త తోసినవాడు, అదే గాలిలో అన్నం వండినవాడు, అదే పొగలో లారీ నడిపినవాడు కాంట్రాక్టు కార్మికుడైతే అతనికి ఆ చట్టం వర్తించదు. అతనికి ఉన్నది 1941 నాటి డిఫెన్స్ బేస్ చట్టం కింద బీమా పరిహారం. అది ఏ దేశపు కార్మికునికైనా వర్తిస్తుంది. కానీ రోగానికీ పనికీ సంబంధం చూపించుకోవాలి, గడువులోపల అర్జీ పెట్టుకోవాలి. ఏజెంటు ద్వారా వెళ్లి, మూడవ అంచె సబ్ కాంట్రాక్టరు కింద పనిచేసి, కాగితాలన్నీ కంపెనీకి అప్పగించి ఇల్లు చేరిన మనవాడికి ఆ చట్టం పేరైనా తెలుసా? ఊపిరితిత్తులకు పాస్‌పోర్టు ఉండదు. ఒకే పొగ పీల్చినవారికి ఒకే రక్షణ ఉండాలన్నది నా దృఢాభిప్రాయం.

మన ఆసుపత్రి వెనుక గోడ

దూరదేశపు తప్పును ఎంచడం తేలిక. నేను పనిచేసిన ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో వ్యర్థాలు తీసుకుపోయే కాంట్రాక్టు బండి ఒకసారి వారంరోజులకు పైగా రాలేదు. పసుపు, ఎరుపు సంచులు గుట్టపడ్డాయి. చివరకు పారిశుద్ధ్య సిబ్బందే ప్రహరీగోడ పక్కన వాటిని తగులబెట్టారు. ఆ పొగ పిల్లల వార్డు కిటికీలలోకి వచ్చింది. మంట ఆర్పించి, సంచులను తాళం వేసిన గదిలో పెట్టించి, గుత్తేదారుకు నోటీసు పంపాము. ఆ నెల బిల్లు మాత్రం మంచాల లెక్కన పూర్తిగానే వచ్చింది.

మన నియమాలలో ఒక గొప్ప సుగుణం ఉంది. వ్యర్థాన్ని గుత్తేదారుకు అప్పగించినా, ఆసుపత్రి బాధ్యత తీరిపోదు. సంచికి బార్‌కోడ్ ఉండాలి. ఎక్కడ పుట్టింది, ఎక్కడ అంతమైంది అన్నది తెలియాలి. పరిశ్రమల ప్రమాదకర వ్యర్థాలకు కూడా బండి వెంట పత్రం నడవాలి. సైనిక స్థావరమైనా, జిల్లా ఆసుపత్రి అయినా సూత్రం ఒకటే: వ్యర్థాన్ని పుట్టించినవాడు దాని చివరి బూడిద వరకు జవాబుదారీ. బిల్లు తూకం చూసి కాకుండా, నాశనమైనట్లు ధ్రువీకరించిన పత్రం చూసి చెల్లించాలి. కార్మికుని ఆరోగ్య పరీక్షలు పనిలో చేరేటప్పుడూ, మానేటప్పుడూ, ఆ తరువాతా జరగాలని కాంట్రాక్టులోనే వ్రాయాలి. తక్కువ ధరకు టెండరు వేసినవాడు ఆ తగ్గింపును ఎక్కడ మిగుల్చుకొంటాడో అడగాలి. సాధారణంగా అది కార్మికుని మాస్కులోనూ, ఇన్సినరేటరు ఇంధనంలోనూ మిగులుతుంది.

మీరు చేయగలిగినది

మీ ఇంట్లోగానీ, బంధువులలోగానీ ఇటువంటి స్థావరాలలో పనిచేసి వచ్చినవారు ఉంటే ఈ నాలుగు మాటలు చెప్పండి.

1. ఏ స్థావరంలో, ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు, ఏ కంపెనీ కింద పనిచేశారో వ్రాసిపెట్టుకోండి. గుర్తింపు కార్డు, జీతపు చీటీలు, ఫోటోలు పారవేయవద్దు.

2. మెట్లెక్కితే ఆయాసం, వదలని దగ్గు ఉంటే వయసు మీద పడిందని సరిపెట్టుకోవద్దు. క్షయ పరీక్షతో ఆగిపోవద్దు. ఊపిరితిత్తుల నిపుణుని కలవండి. పొగలో పనిచేశామని డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.

3. పొగత్రాగే అలవాటు ఉంటే నేడే మానండి. దెబ్బతిన్న శ్వాసనాళానికి అది రెండవ దెబ్బ.

4. వ్యాధి నిర్ధారణ అయితే పరిహారపు అర్జీకి గడువు ఉంటుందని మరువవద్దు. ఆ చట్టం తెలిసిన న్యాయవాదిని ఆలస్యం చేయకుండా సంప్రదించండి.

తోటి వైద్యులకు ఒక మనవి. గల్ఫ్ నుండి వచ్చానని రోగి చెప్పినప్పుడు, అక్కడ ఏమి పని చేశావు నాయనా అని మరొక్క ప్రశ్న అడగండి. జవాబును కేసుషీటులో వ్రాయండి. కాంట్రాక్టులో వ్రాయకుండా వదిలేసిన లెక్కను మన కలమైనా వ్రాసిపెట్టాలి.