గోలీ దిగిపోయిన వేళ సంతకాలు అడగొద్దు

అన్నలూ, ఈసారి పంట ముచ్చట కాదు. ఇంట్లో పార్కిన్సన్స్ జబ్బున్న పెద్దమనిషి ఉంటే ఇది చదవండి.

ఈ జబ్బులో మెదడులో డోపమైన్ తగ్గుతుంది. లెవోడోపా గోలీ ఆ లోటును కొన్ని గంటలు పూడుస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ గంటలు తగ్గుతాయి, తర్వాతి గోలీకి ముందే మందు దిగిపోతుంది. అప్పుడొచ్చే వణుకు, బిగుసుకుపోవడం అందరికీ కనబడతాయి. కనబడనివి వేరే ఉన్నాయి. ఉన్నట్టుండి దిగులు, భయం, చిరాకు. అడిగినదానికి జవాబు వెంటనే తట్టదు. గోలీ వేసుకున్న అరగంటకో గంటకో మళ్లీ మామూలు మనిషి. మనోళ్లేమో 'ముసలాయన నాటకాలు' అంటారు. త్రీఫేజ్ కరెంటు పోతే మోటారు ఆగుతది, మోటారును తిడతామా?

అందుకే కౌలు లెక్కలు, భూమి పంపకాల మాట ఆ వేళ తీయకండి. సంతకాలు అసలే వద్దు. మందు పనిచేసే వేళ చూసి అడగండి. (కావాలనే ఆ వేళ చూసి వేలిముద్ర వేయించుకునే కొడుకులూ ఉంటారు, వాళ్లతో నాకు మాటల్లేవు.)

గోలీ ఎన్నింటికి వేశారు, దిగులు ఎన్నింటికి వచ్చింది, ఓ వారం నోటుబుక్కులో రాసి నరాల డాక్టరుకు చూపించండి. మోతాదైనా వేళలైనా ఆయనే మార్చాలి. మీరు మార్చొద్దు, ఒక్కసారిగా ఆపొద్దు. దూలగొండి గింజల్లో లెవోడోపా ఉన్న మాట నిజమే. కానీ గోలీల మీద ఆ పొడి కూడా ఇస్తే మోతాదు ఎంతయిందో డాక్టరుకూ తెలియదు. పప్పు, గుడ్డు, మాంసం ఎక్కువ తిన్న పూట కొందరికి గోలీ సరిగా పట్టదు, అదీ రాయండి.