వెలుగులో మునుగుతున్న ఒత్తులు

తెలుగు ఊళ్లలో ఏ కూడలిలో నిలబడి తలెత్తినా వెలిగే అక్షరాలు కనిపిస్తాయి. పుట్టినరోజు ఫ్లెక్సీ, కోచింగ్ సెంటర్ ర్యాంకుల బోర్డు, వాట్సాప్‌లో వచ్చే గృహప్రవేశ ఆహ్వానం, యూట్యూబ్ వీడియో తంబ్‌నెయిల్, ఎక్కడ చూసినా అక్షరం చుట్టూ పసుపో, నీలమో, గులాబీయో ఒక కాంతి వలయం ఉంటుంది. ఆ వెలుగు అందమైనదే. పండగ పూట సీరియల్ బల్బుల తోరణం ఇచ్చే సంబరం అందులో ఉంది. చిక్కల్లా కొలతల దగ్గరే వచ్చింది. ఇంగ్లిషు అక్షరాల మీద కుదిరిన కొలతలనే తెచ్చి తెలుగు అక్షరాలకు తొడుగుతున్నాం. దానివల్ల మన లిపిలో అర్థాన్ని మోసే భాగాలే అన్నిటికంటే ముందు చెరిగిపోతున్నాయి. తెలుగు అక్షరాన్ని వెలిగించాలంటే తెలుగు అక్షరాన్ని చూసి తీసుకున్న కొలత కావాలి.

ఈ వెలుగు ఎలా పుడుతుందో తెలిస్తే సంగతి తేలికగా అర్థమవుతుంది. ఒకప్పుడు ఫొటోషాప్‌లో అక్షరానికి వెలుగు పెట్టాలంటే దాని నకలు తీసి, రంగు నింపి, గాసియన్ బ్లర్‌తో మసక చేసి, అసలు అక్షరం కింద పరచాల్సి వచ్చేది. 1998లో వచ్చిన ఫొటోషాప్ 5తో ఆ శ్రమంతా ఒక్క క్లిక్కుకు దిగింది. ఔటర్ గ్లో అని ఎంచుకుంటే చాలు. లోపల జరిగేది మాత్రం పాత పనే. అక్షరం అంచు నుంచి రంగు అన్ని దిక్కులకూ పాకుతుంది, దూరం పెరిగేకొద్దీ పలచబడుతుంది. ఎంత దూరం పాకాలో సైజు నిర్ణయిస్తుంది, పలచబడే ముందు ఎంత మేర చిక్కగా ఉండాలో స్ప్రెడ్ నిర్ణయిస్తుంది. సాఫ్ట్‌వేర్‌కు తెలిసింది అంచు ఒక్కటే. అది అక్షరం వెలుపలి అంచా, అక్షరం కడుపులోని ఖాళీకి అంచా అన్నది దానికి పట్టదు. ఇరుకు సందు ఉన్నచోట రెండు వైపుల నుంచీ రంగు వచ్చి కలుస్తుంది. బయట పలచగా, మురిపెంగా కనిపించే వెలుగే అక్కడ చిక్కబడి సందును పూడ్చేస్తుంది.

ఇంగ్లిషు పెద్దక్షరాల్లో ఇలాంటి సందులు తక్కువ. కొన్ని జంటలు తప్పిస్తే ఆ అక్షరాల అస్థిపంజరాలే వేరువేరు, అంచు కాస్త కరిగినా రూపం నిలుస్తుంది. తెలుగు అక్షరాలు అలా కావు. ఒకే గుండ్రని దేహానికి చిన్న చిన్న గుర్తులు చేర్చి వేరు అక్షరాలు చేసుకున్న లిపి మనది. ‘ప’కూ ‘వ’కూ తేడా తలకట్టు దగ్గరి చిన్న ఎడం. ‘ద’ కింద ఒక చిన్న గీత చేరితే ‘ధ’, దాని కడుపులో చుక్క కూడా పడితే ‘థ’. గుడికీ గుడిదీర్ఘానికీ మధ్య ఉన్నది పైన ఒక చిన్న మెలిక. ఇవి అలంకారాలు కావు, మాటలు వీటి మీదే నిలబడి ఉన్నాయి. పైనున్న ఆ ఎడం పూడితే ‘పాడు’ ‘వాడు’ అవుతుంది. లావొత్తు మసకబడితే ‘ధార’ ‘దార’ అవుతుంది. ‘ల’ కింద ఒత్తు కనిపించకపోతే ‘కల్ల’ కాస్తా ‘కల’ అయిపోతుంది. కాంతి వలయం మొదట పూడ్చేది సరిగ్గా ఈ ఎడాలనూ, చుక్కలనూ, మెలికలనే.

దీనికి తోడు తెలుగు వాక్యం అంతస్తుల మీద నడుస్తుంది. నడుమ అక్షరం, పైన గుణింతం, కింద ఒత్తు. రెండు వరుసల ఫ్లెక్సీలో పై వరుస ఒత్తులూ కింది వరుస గుడులూ దాదాపు ఒకే చోటుకు వస్తాయి. రెండింటి వెలుగులూ అక్కడ కలిసి ఒక రంగు పట్టీ ఏర్పడుతుంది. ‘హృదయపూర్వక శుభాకాంక్షలు’ అన్న మాటలనే తీసుకోండి. మన కూడళ్లలో ఇంతకంటే ఎక్కువగా కనబడే మాటలు లేవేమో. వట్రసుడి, వకార ఒత్తు, ‘భ’ కింది గీత, ‘క్ష’ మెలిక, ఇన్ని సున్నితమైన భాగాలు ఈ రెండు మాటల్లోనే ఉన్నాయి. ఈ వెలుగు పెట్టడం నేర్పే వీడియోల్లో ఎక్కువగా కనిపించే నమూనా మాట ఇంగ్లిషులో ‘నియాన్’. నిలువు గీతలూ, విశాలమైన ఖాళీలూ ఉన్న ఆ మాట మీద సరిపోయిన అంకెలను ‘శుభాకాంక్షలు’ మీద దించితే అక్షరాలు ఉబ్బి ఒకదానికొకటి అతుక్కుపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఈ కళకు మూలమైన నియాన్ దీపాల చరిత్రలోనే ఒక మంచి ఆధారం ఉంది. నియాన్ వాయువును 1898లో లండన్‌లో విలియం రామ్సే, మోరిస్ ట్రావర్స్ కనుగొన్నారు. 1910లో పారిస్ మోటారు ప్రదర్శనలో జార్జ్ క్లాడ్ ఆ వాయువు నింపిన పొడవైన గొట్టాలను వెలిగించి చూపాడు. ఆ తర్వాత ఆ గొట్టాలతో అక్షరాలు చేసిన పనివాళ్లకు గాజే ఒక హద్దు పెట్టింది. వేడి చేసిన గొట్టాన్ని వంచగలరుగానీ మరీ ఇరుకు మలుపు తిప్పలేరు. అందువల్ల అక్షరాన్ని విప్పి, లోపల చోటు వదిలి గీయాల్సి వచ్చింది. ఆ చోటు చీకటిగా మిగిలింది కాబట్టే నియాన్ బోర్డు రాత్రిపూట వీధి చివరి నుంచి కూడా చదవగలిగేది. సాఫ్ట్‌వేర్‌లో గాజు లేదు, హద్దూ లేదు. సైజు మీట ఎంతవరకు జరిపితే అంతవరకూ వెలుగు పాకుతుంది. గాజు పెట్టిన హద్దును ఇప్పుడు డిజైనర్ చూపే పెట్టాలి.

రంగుల ఎంపికలో పొరపాటు ఇంకా పెద్దది, దాన్ని లెక్కకట్టి చూపవచ్చు. వెబ్ పేజీలు అందరూ చదవగలిగేలా ఉండాలని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ రూపొందించిన మార్గదర్శకాల ప్రకారం అక్షరం రంగుకూ దాని వెనక రంగుకూ మధ్య కాంతి తేడా మామూలు అక్షరాలకు కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 ఉండాలి. అదే సూత్రంతో చూస్తే తెల్ల అక్షరానికీ నిండు పసుపుకూ మధ్య నిష్పత్తి సుమారు 1.07:1 మాత్రమే. అంటే కంటికి తేడా దాదాపు లేనట్టే. లేత నీలి వెలుగైనా, తెరమీది సియాన్ రంగు తీసుకుంటే సుమారు 1.25:1 మాత్రమే. అదే తెల్ల అక్షరం చుట్టూ నిండు ఎరుపు పెడితే 4:1, ముదురు నీలం పెడితే 8.5:1 పైగా వస్తుంది. వెలుగు చిక్కబడిన సందుల్లో ఈ తేడానే అక్షరాన్ని కాపాడుతుంది. ఫొటోషాప్‌లో ఔటర్ గ్లో తెరవగానే ముందే ఎంచి ఉండే రంగు లేత పసుపు. చాలామంది దాన్ని అలాగే వదిలేస్తారు, లేదా ఇంకా మెరిసే లేత రంగు వెతుకుతారు. ముదురు నీలి వలయంలో తెల్ల అక్షరం వెలిగినట్టూ ఉంటుంది, చదవడానికీ వస్తుంది.

వెలుగుకు చీకటి కావాలన్న సంగతిని కూడా సాఫ్ట్‌వేర్ తన పద్ధతిలో చెబుతూనే ఉంటుంది. ఔటర్ గ్లో మామూలుగా స్క్రీన్ అనే బ్లెండ్ మోడ్‌లో పనిచేస్తుంది. రెండు ప్రొజెక్టర్ల కాంతి ఒకే తెర మీద పడినట్టు, కింది రంగుకు వెలుతురు కలుపుతుందేగానీ తగ్గించదు. తెల్లని నేపథ్యం మీద పెడితే ఏమీ కనిపించదు, ఎందుకంటే తెలుపుకు ఇంకా కలపడానికి వెలుతురు లేదు. అక్కడ ఆగి నేపథ్యం మార్చుకోవాలి. చాలాచోట్ల జరిగేది వేరు. మోడ్‌ను నార్మల్‌కో మల్టిప్లైకో మార్చి రంగు కనిపించేలా చేస్తారు. అప్పుడు అది వెలుగు కాదు, అక్షరం చుట్టూ అంటిన మరక. అచ్చులో ఇది మరింత తేటతెల్లమవుతుంది. కంప్యూటర్ తెర తానే కాంతినిస్తుంది, ఫ్లెక్సీ మీది సిరా తన మీద పడ్డ కాంతిని తిప్పి పంపుతుంది, అంతే. తెర మీద కళ్లు జిగేలుమనిపించే ఆకుపచ్చనీ, నీలాన్నీ సీఎంవైకే నాలుగు సిరాలు పుట్టించలేవు. షాపులో తెర మీద చూసి మురిసిన వెలుగు మరునాడు స్తంభానికి కట్టాక మట్టిరంగు పొగలా కనిపించడానికి కారణం ఇదే.

జనానికి ఇవే నచ్చుతున్నాయి కదా, నలుగురి ఫ్లెక్సీల మధ్య మన ఫ్లెక్సీ మీద చూపు పడాలంటే మెరవక తప్పదు కదా అని అడగవచ్చు. చూపు పడటం నిజమే. అయితే చూపు పడిన తర్వాత చదవడం అనే రెండో పని మిగిలి ఉంటుంది. బండి మీద వెళ్లేవాడికి దానికి రెండు మూడు క్షణాలకు మించి ఉండవు. పక్కపక్కన ఆరు ఫ్లెక్సీలు ఒకే రీతిలో మెరుస్తున్నప్పుడు ఆ మెరుపు ఎవరినీ వేరుచేసి చూపదు. అక్కడ గెలిచేది స్పష్టంగా చదవగలిగిన పేరే. సందర్భాన్ని బట్టి జనం అర్థం చేసుకుంటారన్నది మరో మాట. ‘శుభాకాంక్షలు’ విషయంలో అది ఒప్పుకుంటాను. ఇంటిపేర్లకూ, ఊళ్ల పేర్లకూ, మందుల పేర్లకూ, ఫోన్ నంబర్లకూ సందర్భం సాయం రాదు. శ్రద్ధాంజలి ఫ్లెక్సీలో పోయినవారి పేరు ఒత్తు పోయి వేరే పేరులా కనిపిస్తే ఆ ఇంటివాళ్లకు కలిగే బాధ చిన్నది కాదు. కంటి శుక్లాలు ముదిరినవారికి దీపాల చుట్టూ ఎలాగూ వలయాలు కనిపిస్తాయి. అలాంటి కంటికి మనం గీసిన వలయం రెండో పొర. పింఛను శిబిరం గురించో, ఉచిత కంటి పరీక్షల గురించో చెప్పే బోర్డు మీద ఆ పొర ఉండటం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

ఇదంతా పెద్దచదువుల వాళ్ల అభిరుచి, మాస్ కంటికి రంగు కావాలి అనేవారికి మన సైన్‌బోర్డు పెయింటర్ల పనే సమాధానం. వాళ్లు రంగుకు భయపడలేదు. దుకాణాల బోర్డుల మీదా, సినిమా బ్యానర్ల మీదా ఎరుపు, పసుపు, నీలం నిండుగా పోశారు. అయితే అక్షరం చుట్టూ ముదురు గీత గీసి అంచును పదిలం చేశారు. షేడును నాలుగు వైపులా పాకనివ్వక ఒక పక్కకే దించారు. ఒక పక్కకే దిగిన నీడ సందును సగమే తింటుంది, మిగతా సగం ఊపిరి తీసుకుంటుంది. ఇది కుంచె పట్టిన చెయ్యి ఏళ్ల తరబడి తెలుగు గుండ్రాలు తిప్పి నేర్చుకున్న తెలివి. కంప్యూటర్‌కు మారేటప్పుడు మనం రంగులను తెచ్చుకున్నాం, ఈ తెలివిని వెనకే వదిలేశాం.

షాపువాడికి తీరిక లేదన్న అభ్యంతరం ఒక్కటే నాకు బరువైనదిగా తోస్తుంది. అరగంటలో ఫ్లెక్సీ కావాలని కస్టమర్ నెత్తిమీద నిలబడితే ఏ మీటను ఎంత జరపాలో ఆలోచించే వ్యవధి ఎక్కడిది? పైగా పనిముట్లు కూడా తెలుగును మొదట తలచుకుని తయారైనవి కావు. దక్షిణాసియా లిపుల కోసం ఉన్న టెక్స్ట్ ఇంజన్‌ను ప్రత్యేకంగా ఎంచుకుంటే తప్ప ఫొటోషాప్‌లో యూనికోడ్ తెలుగు ఒత్తులు విడిపోయి పడే రోజులు చాలాకాలం నడిచాయి. డీటీపీ షాపులు యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లను వదలకపోవడానికి అదీ ఒక కారణమే. కాబట్టి తప్పంతా పనివాడిదే అనడం అన్యాయం. కానీ వెలుగు కొలతలను ఒకసారి సరిచూసి స్టైల్‌గా దాచుకుంటే తర్వాత ప్రతిసారీ ఒక్క క్లిక్కే. వెలుగు సైజు అక్షరానికీ దాని ఒత్తుకీ మధ్య ఉన్న ఎడంలో సగం దాటకూడదు. స్ప్రెడ్ సున్నాకు దగ్గరగా ఉండాలి. అక్షరం తెలుపో లేత రంగో అయితే వలయం ముదురుది కావాలి, నేపథ్యం అంతకంటే ముదురుది కావాలి. వరుసల మధ్య మామూలుకంటే ఎక్కువ చోటు వదలాలి. సిలికానాంధ్ర ఉచితంగా అందించిన ఫాంట్లలో రామభద్ర వంటి లావు ఫాంటుకు గ్లో పెడితే సందులు వెంటనే మూసుకుంటాయి, మండలి వంటి తేటైన ఫాంటు అంతకంటే ఎక్కువ వెలుగును తట్టుకుంటుంది. తంబ్‌నెయిల్ చేసేవాళ్లు 1280×720 కొలతలో పనిచేస్తారు. ఫోన్ తెర మీద అది నాలుగో వంతు వెడల్పుకు కుదించుకుపోతే 8 పిక్సెళ్ల సందుకు మిగిలేది 2 పిక్సెళ్లే. డిజైన్‌ను కుదించి చూడటానికి పట్టేది ఒక్క క్షణం. తెలుగులో ఈ పని నేర్పే వీడియోలు చాలా ఉన్నాయి, చేసేవాళ్లలో నిజమైన నేర్పరులూ ఉన్నారు. వాళ్లు ‘నియాన్’ను పక్కనపెట్టి నమూనాగా ‘హృదయపూర్వక’ అని టైపు చేసి, వకార ఒత్తు ఎక్కడ మూసుకుంటుందో చూపించి, అక్కడి నుంచి మీటను వెనక్కి జరపడం నేర్పితే చాలు.